కెమెరా ఆఫ్‌లోనే ఉంచండి

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కాలేజీ తెరిచారు. ఈసారి నిజంగానే తెరిచినట్టున్నారు. ఇంతకుముందు తెరిచినప్పుడల్లా మనం బ్యాగు సర్దుకునేలోపే మూసేశారు కాబట్టి నేను తొందరపడి నమ్మలేదు. 2020 మార్చిలో కరోనా వల్ల నెలాఖరు దాకా సెలవులని పంపిన సర్కారు 2021 ఫిబ్రవరి 1న రమ్మంది, మార్చి 24న పొమ్మంది. సెప్టెంబర్ 1న మళ్ళీ రమ్మంది. 2022 జనవరి 8న సంక్రాంతి సెలవులని పంపి, డబ్బాల్లో అరిసెలు అయిపోయినా పిలవకుండా నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంచి, ఫిబ్రవరి 1న గేటు తీసింది. ఇది తెలంగాణ లెక్క. ఆంధ్ర తేదీలు వేరు, అయోమయం ఒకటే. ఇప్పుడు 2022 జూలై. ఫిబ్రవరి నుంచి కరోనా పేరుతో గేటు మూతపడలేదు. ఇక అలవాటు పడక తప్పదు.

ఎలా అలవాటు పడాలో చెప్పేవాళ్ళకు కొదవలేదు. పెందలాడే పడుకోండి, నోట్సు చేత్తో రాయండి, నలుగురితో కలవండి, తెలియనిది అడగండి అని పేపర్లలో ఆదివారం ఆదివారం రాస్తున్నారు. వాళ్ళెవరూ మా కాలేజీ బస్సెక్కినవాళ్ళు కాదు. నేను ఎక్కుతున్నాను. నాది 2018లో చేరిన బ్యాచ్, ఈసీఈ. బ్యాచ్ మొత్తం వెళ్ళిపోయింది, నేనింకా ఉన్నాను. ఎందుకున్నానన్నది మీకు అనవసరం. ఇన్నాళ్ళుగా ఒకే బిల్డింగులో తిరుగుతున్నవాడు ఒక మాట చెబితే వినాలి.

నిద్రతో మొదలుపెడదాం. ఆన్‌లైన్‌లో తొమ్మిదింటి క్లాసుకి ఎనిమిదీ యాభైతొమ్మిదికి లేచేవాళ్ళం. లేవడమంటే లింకు నొక్కే బొటనవేలు లేవడం; మిగతా మనిషి దుప్పట్లోనే ఉండేవాడు. ఇప్పుడు కాలేజీ ఊరవతల. బస్సు ఎల్బీనగర్ చౌరస్తాకి ఏడింటికొస్తుంది. ఏడింటి బస్సంటే ఆరింటికి లేవాలి, ఆరింటికి లేవాలంటే పదింటికి పడుకోవాలి అని లెక్కలు వేస్తారు చూడండి, అక్కడే తప్పుదోవ పడతారు. పడుకునే టైం ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకండి. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. ఆ రాత్రి మనం తొందరగా పడుకున్నామా? ఇంకో ఆట వెతుక్కున్నాం. కేంద్రం వల్ల కానిది కాలేజీ బస్సు వల్ల అవుతుందా? బస్సులో గంటన్నర, మొదటి పీరియడ్ యాభై నిమిషాలు, మధ్యాహ్నం లైబ్రరీ అవరు. కలిపి చూసుకోండి, డాక్టర్లు చెప్పిన నిద్రకి పెద్ద లోటేమీ రాదు. టైంటేబుల్లో లైబ్రరీ అవరు ఎందుకుంటుందో నాకు మూడో ఏడుకి గాని తెలిసిరాలేదు.

ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను నిద్రలో ఉంటే నా అటెండెన్స్ మా అమ్మ వేసేది. ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి, చాట్‌లో నా రోల్ నంబరు, దాని పక్కన ‘ప్రెజెంట్ సార్’ అని కొట్టి, బెండకాయలు తరుక్కునేది. సార్ ఎప్పుడైనా నా పేరు పిలిచి ప్రశ్న వేస్తే ‘నెట్ ప్రాబ్లం సార్’ అని పెట్టేదీ ఆవిడే. పాఠం వద్దన్నా చెవిన పడుతుంది కదా. ఒకరోజు అన్నం తింటుంటే, ‘ఆ డీఎస్పీ సారు పాపం గొంతు పోయేలా చెబుతున్నాడురా, నువ్వే వినవు’ అంది. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌ని మేం డీఎస్పీ అంటాం. నాన్నకి అది తెలియదు. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ‘వీడి కోసం డీఎస్పీ ఎందుకొచ్చాడే?’ అని ఆ పూటంతా నా ఫోన్ తనిఖీ చేశాడు. అమ్మని బస్సులో తీసుకురావడం కుదరదు. ఆఫ్‌లైన్‌లో పూడ్చలేని లోటు అదొక్కటే.

అమ్మ లేదు కాబట్టి హాజరు లెక్క మీకే రావాలి. జేఎన్‌టీయూ నిబంధన 75 శాతం అంటుంది. అమాయకుడు దీన్ని ‘నాలుగింట మూడు రోజులు రావాలి’ అని చదువుకుంటాడు. అనుభవం ఉన్నవాడు ‘నాలుగో రోజు మనది’ అని చదువుకుంటాడు. 75కి తగ్గి 65కి పైన ఉంటే కండొనేషన్ అని ఒక వెసులుబాటు ఉంది: మెడికల్ సర్టిఫికెట్, కొంత ఫీజు. అంటే అసలు అంకె 65, పైన పది బేరానికి. సర్టిఫికెట్‌కి ఇప్పుడు కష్టపడక్కర్లేదు. పాత సీనియర్లు టైఫాయిడ్, పచ్చకామెర్లు అని నానా తంటాలు పడేవాళ్ళు. మనం హెచ్ఓడీ గారి ఎదుట ఒక్కసారి దగ్గితే చాలు, ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని సంతకం పెడతారు. 65 కూడా దాటకపోతే డిటెయిన్. ఆ మాట వినగానే ఇంట్లో ఏడుస్తారు గాని అందులోని సౌకర్యం గమనించరు. అదే క్లాసురూం, అదే పాఠం, పక్కన కొత్త ముఖాలు. చిన్నవాళ్ళు ‘అన్నా’ అంటారు. టీ కూడా వాళ్ళే తాగిస్తారు.

మూడోది అసలైనది, కాస్త వివరంగా చెప్పాలి. ఈ రెండేళ్ళలో మన తరానికి దొరికిన వరం, కెమెరా ఆపితే తెర మీద మిగిలే నల్ల డబ్బా. మధ్యలో పేరులోని మొదటి అక్షరం, చుట్టూ చీకటి. దాని వెనక మనిషి పాఠం వింటున్నాడో, చపాతీ తింటున్నాడో, బైకు మీద నాగార్జునసాగర్ పోతున్నాడో ఎవరికీ తెలియదు. క్లాసురూంలో ఆ డబ్బా దొరకదు. మనమే కట్టుకోవాలి. ఆఖరి బెంచీ వైపు పోకండి, అది పాతకాలపు పద్ధతి. లెక్చరర్ కన్ను ముందు పడేది అక్కడే. స్తంభం పక్క సీటు మేలు. మా బ్లాకులో ప్రతి గదికీ ఒక స్తంభం అడ్డంగా ఉంది. ప్లాను గీసిన ఇంజినీరు ఎక్కడ చదివాడో గాని మన కష్టం తెలిసినవాడు. మాస్కు తీయకండి. తీయొచ్చని చెప్పినా తీయకండి. ఆవలింత, నవ్వు, నమిలే బిస్కట్టు అన్నీ దాని చాటునే జరిగిపోతాయి.

మరి ప్రశ్న పడితే? ఆన్‌లైన్‌లో మన చేతిలో ఫ్రీజ్ అనే బ్రహ్మాస్త్రం ఉండేది. నోరు సగం తెరిచి, కన్నార్పకుండా, చెయ్యి గాల్లో ఆపేసి కూర్చుంటే ‘నెట్ స్లో ఉన్నట్టుంది’ అనుకుని సార్ తర్వాతి నంబరుకి వెళ్ళిపోయేవారు. ఇది ఎదురుగా ఉన్నప్పుడు కూడా పనిచేస్తుందని నా సిద్ధాంతం. మొన్న కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో చేసి చూపించాను. సార్ నా పేరు పిలిచారు. లేచాను. నోరు సగం తెరిచాను. ఆగిపోయాను. క్లాసంతా నిశ్శబ్దం. పైన ఫ్యాను తిరుగుతోంది, నా కాలరు మాత్రం అల్లాడుతోంది. సార్ డస్టరు బల్ల మీద పెట్టారు, కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు, మెల్లగా నడిచొచ్చి నా ముఖం ముందు అరచెయ్యి అటూ ఇటూ ఆడించారు. నేను కదల్లేదు. ఆయన వెనుదిరిగి బోర్డు దాకా వెళ్ళారు. గెలిచాననుకుని ఊపిరి పీల్చుకున్నాను. చాక్‌పీసు వచ్చి సరిగ్గా నుదుటి మీద తగిలింది. ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌తో మాట్లాడిన మనిషికి ఆ గురి ఎలా మిగిలిందో! పద్ధతిలో దోషం లేదు. కాలరుకి పిన్నీసు పెట్టుకోండి.

లెక్చరర్లకు కూడా ఇది కొత్తే. ఒక్కొక్కరు అరవై నల్ల డబ్బాలకు పాఠం చెప్పి చెప్పి వచ్చినవాళ్ళు. ఎదురుగా మనం కూర్చునే ఉన్నా, మధ్యలో ఆగి ‘వినిపిస్తోందా?’ అంటారు. జవాబివ్వకండి. ఆయన మౌనానికి అలవాటు పడ్డారు, దాన్ని చెడగొట్టకండి. ఒక్కడు తల ఊపాడంటే ఆయనకు ఆశ పుడుతుంది. ఆశ పుట్టిన లెక్చరర్ బెల్లు కొట్టినా ఆగడు. అయినా వాళ్ళ బాధలు వాళ్ళవి. కాలేజీలు మన దగ్గర ఫీజు వసూలు చేసినంత శ్రద్ధగా వాళ్ళకు జీతాలివ్వలేదు. ప్రైవేటు స్కూలు టీచర్ల సంగతి ఇంకా అన్యాయం. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్ళకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి. అన్నీ పడి తిరిగొచ్చిన లెక్చరర్ బోర్డు ముందు నిలబడి ‘ఎక్కడిదాకా చెప్పుకున్నాం?’ అంటే మనం చేయగల సాయం ఒకటే. ‘ఆ యూనిట్ అయిపోయింది సార్’ అనండి. ఆయనకు కావలసింది సిలబస్ అయిపోవడం, మనకు కావలసిందీ అదే. ఇద్దరి గమ్యం ఒకటైనప్పుడు మధ్యలో పాఠం దేనికి?

నాలుగో చిట్కా చెబుతుండగా నెట్ పోయింది. రికార్డింగ్ గ్రూపులో పెడతామన్నారు.

ల్యాబుల దగ్గర జాగ్రత్త. ఇక్కడ వస్తువులు నిజంగా ఉంటాయి, ముట్టుకుంటే వేడిగా ఉంటాయి, తప్పు కలిపితే పొగ వస్తుంది. ఆన్‌లైన్‌లో ల్యాబ్ అంటే అసిస్టెంటు ఒకరు సెల్‌ఫోన్‌తో తీసిన వీడియో. డేటా మిగలాలని దాన్ని మనం 144లో పెట్టుకుని చూశాం. బ్రెడ్‌బోర్డు మీద రంధ్రాలున్నాయని కొందరికి ఈ ఏడాదే తెలిసింది. కంగారు పడొద్దు, నా పాత రికార్డు ఉంది, జిరాక్స్ తీసుకోండి. డయోడ్ ప్రయోగం రీడింగులు అందులో ఎంతో చక్కగా ఉంటాయి. నావి కావు, మా సీనియర్ రికార్డులోవి. ఆయనకు వాళ్ళ సీనియర్ ఇచ్చాడట. ఆ డయోడు ఏనాడో కాలిపోయి చెత్తబుట్టలో కలిసిపోయి ఉంటుంది, రీడింగులు మాత్రం దశాంశ బిందువుతో సహా క్షేమంగా మన తరం దాకా వచ్చాయి. ఇంతటి వారసత్వాన్ని కాదని మీరు మల్టీమీటరు పట్టుకుని కొత్తగా కొలిస్తే ఏదో తేడా వస్తుంది. తేడా వచ్చిందంటే వైవాలో ‘ఎందుకొచ్చింది?’ అంటారు. ఎందుకు కొరివితో తల గోక్కోవడం!

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొన్న ఒక తమ్ముడి చేతిలో డయోడు పెట్టి, ‘ఈ గీత ఉన్న వైపు ఏమిటి?’ అని అడిగాడు. కాథోడ్ అనాలి. మనవాడు దాన్ని వెలుతురు వైపు తిప్పి, దగ్గరగా చూసి, దూరంగా పెట్టి చూసి, ‘సార్, వీడియోలో ఈ గీత లేదు’ అన్నాడు. అబద్ధం కాదు. 144లో గీత కాదు గదా, డయోడే కనిపించదు. ఆయన చాలాసేపు మనవాడి వంక చూశాడు. మార్కులు ఎన్ని వేశాడో తెలియదు గాని, డయోడు మాత్రం వాడికే ఇచ్చేశాడు, ఉంచుకోమని.

ఇక పరీక్షలు. ఆన్‌లైన్ మిడ్ ఎంత హాయిగా ఉండేదో గుర్తు చేసుకుంటే కళ్ళు చెమరుస్తాయి. గూగుల్ ఫామ్ తెరవగానే వాట్సాప్ గ్రూపులో జవాబులు వచ్చి పడేవి. ఇరవై బిట్లలో ఒకటి కావాలని తప్పు పెట్టేవాళ్ళం, అనుమానం రాకూడదని. ఏ బిట్టు తప్పు పెట్టాలన్నది కూడా గ్రూపులోనే చెప్పేవాళ్ళు కాబట్టి అందరిదీ అదే బిట్టు తప్పు. ఇప్పుడు మూడు గంటలు, బుక్‌లెట్టు, పెన్ను. ఉచిత జూమ్ మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది కదా, మన ఒంటికి అదే లెక్క పట్టుబడింది. హాల్లో చూడండి, నలభయ్యో నిమిషానికి అందరూ ఒకేసారి తలెత్తి ఇన్విజిలేటర్ వంక చూస్తారు, ఎవరో లింకు మళ్ళీ పంపుతారన్నట్టు. రెండు పేజీలు రాసేసరికి బొటనవేలి మొదలు లాగేస్తుంది. అరచేతి చెమటకి కాగితం తడుస్తుంది. ఇంట్లో రోజూ కాసేపు గడియారం పెట్టుకుని రాసి చూడమని అమాయకులు చెబుతారు. పెట్టెలో పెన్నులు ఎండిపోయి ఉన్నాయంటే ప్రకృతి కూడా వద్దంటున్నదని అర్థం. చెయ్యి పరీక్షకి అప్పటికప్పుడు లేస్తుంది. లేవకపోతే ప్రశ్నపత్రాన్నే గుండ్రంగా, ఖాళీలు వదిలి, రెండుసార్లు రాయండి. పేజీ నిండుతుంది.

నా మాట మీద నమ్మకం లేనివాళ్ళు రికార్డులు చూసుకోవచ్చు. తెలంగాణలో ఇంటర్ పిల్లలకు మొదటి ఏడు పరీక్ష 2021 అక్టోబర్, నవంబర్‌లో పెట్టారు. డిసెంబర్ 16న ఫలితాలొస్తే 49 శాతమే గట్టెక్కారు. ఊరంతా గొడవ. తల్లిదండ్రులు బోర్డు ముందు కూర్చున్నారు. డిసెంబర్ 24న విద్యాశాఖ మంత్రి తప్పినవాళ్ళందరికీ కనీస మార్కులు 35 వేసి పాస్ చేస్తున్నామన్నారు. పాఠం తెర మీద చెప్పి, పరీక్ష కాగితం మీద పెట్టి, ఫలితం నోటిమాటతో మార్చారు. ఆ వారం రోజులు ఆ ఇళ్ళలో ఎలా గడిచాయో నేను చెప్పను, అది చిట్కాల్లోకి రాదు. మనకు కావలసింది తేదీల తేడా. 16న చదివి పాసైనవాడు, 24న చదవకుండా పాసైనవాడు ఆ తర్వాత ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ బెంచీ ముందు లెక్కల సారు పాఠం మొదలుపెడితే ఇద్దరిలో ఒకడు కిటికీలోంచి బయటికి చూశాడు.

దీనికి జవాబుగా కొందరు ఆంధ్రను చూపిస్తారు. అక్కడ 2019లో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. 2020లో, 2021లో పరీక్షలు రద్దు, అందరూ పాస్. 2022లో పరీక్ష పెట్టారు. జూన్ 6న ఫలితాలు చూస్తే 67.26 శాతం. రెండు లక్షల మందికి పైగా పిల్లలు తప్పారు. వాళ్ళు బడి మూతపడినప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లలు. తొమ్మిది ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో వాళ్ళకు గుర్తు కూడా ఉండి ఉండదు. చదువు పోయింది కాబట్టి ఇలా అయిందని పెద్దవాళ్ళు చర్చల్లో అంటున్నారు. అంకెలు సరిగ్గా చూడండి. పరీక్ష లేని రెండేళ్ళు ఒక్కడూ తప్పలేదు. పరీక్ష పెట్టిన ఏడే తప్పారు. మరి తప్పు ఎవరిది?

ఇంట్లో స్కూలు పిల్లలుంటే వాళ్ళనీ ఈ దారిలోకే తీసుకురండి. మా చెల్లెలికి టీవీ పాఠాలు ఉండేవి. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌లోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ తరగతికింత అని టైం ఇచ్చి చెప్పారు. ఆంధ్రలో సప్తగిరి. మా చెల్లెలి పాఠం టైంకే మా నానమ్మ సీరియల్ వచ్చేది. ఏది గెలిచేదో చెప్పక్కర్లేదు. పాఠం ఓడిన ఒక రోజున భిన్నాలు చెప్పారు. ఇప్పుడు బళ్ళో టీచరు మూడింట రెండు అంటే అది, ‘ఆ రోజు సీరియల్లో సీతకి శ్రీమంతం’ అంటుంది. మీరు సరిదిద్దకండి. మీకు మాత్రం వచ్చా?

కాలేజీలో స్నేహితుల విషయం ఒక్క మాటలో తేల్చేస్తాను. ఏడాదిన్నర ఒకే గ్రూపులో పొద్దస్తమానం మాట్లాడుకున్నవాళ్ళం ఎదురుపడితే గుర్తుపట్టలేకపోయాం. వాడి డీపీలో పవన్ కల్యాణ్, నా డీపీలో మహేశ్ బాబు. తీరా చూస్తే ఇద్దరం ఇలా ఉన్నాం. పాత పద్ధతే సుఖం, పక్కనే కూర్చున్నా వాట్సాప్‌లోనే మాట్లాడుకోండి.

ఎవరిని చూసి నేర్చుకోకూడదో కూడా చెప్పాలి. ఇప్పుడు నేను కూర్చుంటున్న క్లాసులో ఒక చెల్లెలుంది. అచ్చంపేట దగ్గర తండా నుంచి వచ్చింది. ఆన్‌లైన్ క్లాసులప్పుడు ఆ ఇంట్లో ఫోన్ ఒకటే, అది వాళ్ళ నాన్నది, ఆయన ఆటో నడుపుతాడు. ఆ ఫోన్ పొద్దున ఆయనతో పాటే వెళ్ళిపోయేది, రాత్రి ఆయనతో పాటే వచ్చేది. రోజుకు ఒకటిన్నర జీబీలో ఆయన వాడగా మిగిలింది ఈమెది. తండాలో సిగ్నల్ రాదు కాబట్టి వాటర్ ట్యాంకు మెట్లెక్కి, గ్రూపులో మనం పెట్టిన నోట్సు ఫొటోలు దించుకుని, కిందికొచ్చి నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకునేది. ఆ ఫొటోల్లో సగం అడ్డంగా తిరిగి ఉండేవి, కొన్నిటి మీద నా టీ గ్లాసు మరక కూడా ఉంది. ఇలాంటివాళ్ళకు నా చిట్కాలు పనికిరావు. కెమెరా ఆన్ అయితే గదా ఆఫ్ చేయడానికి!

ఈమె చేసిన పని చూడండి. పోయిన శుక్రవారం ఆఖరి పీరియడ్, కంట్రోల్ సిస్టమ్స్. మూడో యూనిట్ నడుస్తోంది. సార్ ‘వినిపిస్తోందా?’ అన్నారు అలవాటుగా. ఈమె లేచి నిలబడింది. ‘వినిపిస్తోంది సార్, అర్థం కావట్లేదు’ అంది. మేమంతా బల్లల కిందికి చూశాం. సార్ ‘ఎక్కణ్ణుంచి అర్థం కావట్లేదమ్మా?’ అన్నారు. ‘మొదటి యూనిట్ నుంచి సార్. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఎందుకు రాస్తామో నాకు తెలీదు. ఎలా రాయాలో రాసుకున్నాను, ఎందుకో ఎవరూ ఫొటో పెట్టలేదు’ అంది.

సార్ బోర్డు మొత్తం తుడిచేశారు. అప్పటిదాకా రాసింది రేపటి పరీక్షకి ముఖ్యమని మేం గోల పెట్టినా తుడిచేశారు. ఒక ఫ్యాను బొమ్మ వేసి, దాని రెగ్యులేటరు తిప్పితే ఏమవుతుందని మొదలుపెట్టారు. ఎంత తిప్పితే ఎంత తిరుగుతుంది, వెంటనే తిరుగుతుందా, కాసేపాగి తిరుగుతుందా అంటూ పోయారు. బెల్లు కొట్టింది. ఆగలేదు. నేను చెప్పలేదా, ఆశ పుడితే ఆగరని! కింద డ్రైవరు హారన్ కొడుతున్నాడు. బ్యాగులు భుజాన వేసుకున్నవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. వెనక నుంచి ఒకడు ‘సార్, ఆ రెండో స్టెప్పు మళ్ళీ ఒకసారి’ అన్నాడు. వాడు నిరుడు చేరినప్పటినుంచి ఒక్క మాట మాట్లాడినవాడు కాదు. వాడి గొంతు అలా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. బస్సు చాలా ఆలస్యంగా బయల్దేరింది. ఎల్బీనగర్‌లో దిగేసరికి చీకటి పడింది. ఒక్కరి పట్టుదల వల్ల ఇంతమందికి ఇబ్బంది. నేను మాత్రం స్తంభం పక్కనే కూర్చున్నాను. అక్కణ్ణుంచి బోర్డు సగమే కనిపిస్తుంది, ఫ్యాను బొమ్మ అవతలి సగంలో ఉంది.

ఆమె దగ్గర నోట్సు ఉంది, అడిగితే ఇస్తుందట. అడక్కండి. అడిగితే ఆమె నోట్సుతో ఆగదు, కూర్చోబెట్టి చెబుతుంది.

సప్లిమెంటరీ పరీక్షల ఫీజు నోటిఫికేషన్ వచ్చింది. లేట్ ఫీజు లేకుండా ఆఖరి తేదీ ఎప్పుడో అడ్మిన్ బ్లాకు మెట్ల పక్కన నోటీసు బోర్డు మీద ఉంది. గ్రూపులో ఎవరూ పెట్టలేదు, పెట్టరు కూడా. నావి నేను కట్టేశాను. మీవి ఎన్నున్నాయో చూసుకుని, హాల్‌టికెట్ నంబరు దగ్గర పెట్టుకుని, మీరే స్వయంగా వెళ్ళి కట్టండి. కౌంటరు మూడింటికే మూసేస్తారు.